పక్క సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో తెలుసుకునే హక్కు మీకుంది

ప్రశ్న: హైదరాబాద్ శివారులో 200 గజాల ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాం. మా కాలనీని ఆనుకుని ఉన్న సర్వే నంబరులో ఇప్పుడు పెద్ద పెద్ద షెడ్లు లేస్తున్నాయి. ఫ్యాక్టరీ వస్తుందంటున్నారు. కొనేటప్పుడు మాకు ఇదంతా రెసిడెన్షియల్ జోన్ అని చెప్పారు. మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి మ్యాపు, ఆ షెడ్ల పర్మిషన్ చూపించమంటే "మ్యాపు ఆన్‌లైన్‌లో ఉంది చూసుకోండి, పర్మిషన్ వేరేవాళ్లది, మీకివ్వం" అన్నారు. పిల్లలున్న ఇల్లు, చాలా టెన్షన్‌గా ఉంది. ఆ కాగితాలు అడిగే హక్కు మాకు లేదా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉందండీ. ఆఫీసులో నోటిమాటగా "ఇవ్వం" అన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. సమాచార హక్కు చట్టం, 2005 కింద మీరు రాతపూర్వకంగా అడగండి. ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాట స్పష్టంగా అంటుంది.

అయితే ముందు ఏ కాగితం ఎవరి దగ్గర ఉంటుందో తెలియాలి. మీ ప్రాంతానికి జోన్లు నిర్ణయించేది హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ. 2013 జనవరిలో నోటిఫై అయిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్-2031లో (మాస్టర్ ప్లాన్ అనేది దీన్నే) రెసిడెన్షియల్, కమర్షియల్, మాన్యుఫాక్చరింగ్, కన్జర్వేషన్ వంటి జోన్లు ఉన్నాయి. మ్యాపుతో పాటు జోనింగ్ నిబంధనలు కూడా ఉంటాయి. ఏ జోన్‌లో ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో ఉండేది వాటిలోనే. చాలామంది రంగుల మ్యాపు ఒక్కటే తెచ్చుకుని నా దగ్గరికి వస్తారు. ఆ రెండో కాగితం లేకపోతే మ్యాపు సగమే. కట్టడాల అనుమతుల ఫైళ్లు మాత్రం సాధారణంగా మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో ఉంటాయి. అందుకే రెండు చోట్లా వేర్వేరు దరఖాస్తులు పెట్టండి. పొరపాటున ఒకరి కాగితం ఇంకొకరిని అడిగినా, సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే ఐదు రోజుల్లో సరైన కార్యాలయానికి పంపాలి. "మా దగ్గర లేదు, వెళ్లండి" అనడానికి వీల్లేదు.

ఇక అడిగే తీరు. దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "ఇళ్ల మధ్య ఫ్యాక్టరీకి ఎలా ఒప్పుకున్నారు?" అని రాస్తే జవాబు రాదు. రికార్డుల్లో ఉన్న సమాచారం ఇస్తే చాలు, అభిప్రాయాలు, సంజాయిషీలు ఇవ్వక్కర్లేదని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కోపం మనసులో పెట్టుకుని కాగితాల పేర్లు మాత్రమే రాయండి.

హెచ్‌ఎండీఏకి ఇలా రాయొచ్చు: "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు ఉన్న మాస్టర్ ప్లాన్ షీట్ ధృవీకరించిన నకలు, ఆ జోన్‌కి వర్తించే జోనింగ్ నిబంధనల నకలు, ఆ సర్వే నంబరుకి ల్యాండ్ యూజ్ (జోన్) మార్పు జరిగి ఉంటే ఆ జీవో, దానికి ముందు అభ్యంతరాలు కోరుతూ ఇచ్చిన ప్రకటన, వచ్చిన అభ్యంతరాలు, నోట్ ఫైలు." అభ్యంతరాల కాగితాలు, నోట్ ఫైలు (అధికారులు తమ వ్యాఖ్యలు రాసుకునే ఫైలు) అడగడం వదలకండి. మాస్టర్ ప్లాన్‌లో మార్పు చేయాలంటే 2008 నాటి హెచ్‌ఎండీఏ చట్టం సెక్షన్ 15 ప్రకారం ప్రజల అభ్యంతరాలు పిలవాలి. మీకు తెలియకుండా జోన్ మారి ఉంటే ఆ సంగతి బయటపడేది ఈ ఫైల్లోనే.

ఇంకో మాట. ఆ భూమికి నాలా కన్వర్షన్ అయిందని అవతలివాళ్లు కాగితం చూపిస్తే కంగారుపడకండి. అది వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చే రెవెన్యూ ప్రక్రియ. దానితో మాస్టర్ ప్లాన్ జోన్ మారదు.

మున్సిపల్ ఆఫీసుకి పెట్టే దరఖాస్తులో ఆ షెడ్ల అనుమతి పత్రం, మంజూరైన ప్లాను, స్థల తనిఖీ నివేదిక అడగండి. అనుమతే లేదంటే "అనుమతి ఇచ్చినట్టు రికార్డు లేదు" అని రాసివ్వమనండి. ఆ ఒక్క వాక్యం మీకు చాలా పనికొస్తుంది. నిజంగా ఫ్యాక్టరీయే అయితే దాదాపు అన్ని రకాల పరిశ్రమలకూ కట్టకముందే కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కావాలి, ఆ కాపీ కోసం అక్కడా ఒక దరఖాస్తు పెట్టండి.

"వేరేవాళ్లది" అన్న అభ్యంతరం నిలబడదు. ఎవరెవరికి పర్మిట్లు ఇచ్చారో ప్రభుత్వ సంస్థే తనంతట తాను ప్రకటించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) చెబుతోంది. మూడో వ్యక్తి గోప్యంగా ఇచ్చిన సమాచారమని అధికారి అనుకుంటే సెక్షన్ 11 కింద వాళ్లకి నోటీసిచ్చి, వాళ్ల వాదన విని నిర్ణయం తీసుకోవాలి. వాళ్లు వద్దన్నారని కాగితం ఆపేయమని ఆ సెక్షన్ చెప్పలేదు. ఫైల్లో ఆధార్ నంబరు, ఫోన్ నంబరు లాంటివి ఉంటే సెక్షన్ 10 ప్రకారం అవి కొట్టేసి మిగతాది ఇవ్వాలి.

మ్యాపు పెద్దది, కాపీ తీయలేమంటే సెక్షన్ 2(జె) కింద ఫైలు స్వయంగా చూసే హక్కు ఉంది. నేనైతే దరఖాస్తులోనే "ముందు ఫైలు చూస్తాను, తర్వాత కావలసిన పేజీలు ఎంచుకుంటాను" అని రాయమంటాను. ఫైలు తిరగేస్తే, మీరు పేరు తెలియక అడగలేకపోయిన కాగితాలు కూడా కనిపిస్తాయి.

దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటాక ఇస్తే కాపీలకి డబ్బు తీసుకోకూడదు. రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి కమిషన్ రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయగలదు.

ఆన్‌లైన్ మ్యాపు ప్రింటు మీ అవగాహనకి సరిపోతుంది, కోర్టుకి చాలదు. ధృవీకరించిన నకలే కావాలి. మీ సొంత సర్వే నంబరుకి హెచ్‌ఎండీఏ నుంచి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ కూడా ఫీజు కట్టి తీసుకోండి. మీది ఏ జోనో సంతకంతో చెప్పే పత్రం అది.

ఇవన్నీ చేతికొచ్చేదాకా ఆగకండి. షెడ్లు ఈలోపే పూర్తయిపోవచ్చు. తేదీ పడేలా ఫొటోలు తీసి, కాలనీవాళ్లంతా సంతకాలు పెట్టి, అనుమతులు పరిశీలించి పని ఆపించమని మున్సిపల్ కమిషనర్‌కి ఈ వారమే ఫిర్యాదు ఇవ్వండి. మీ కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. రేపు హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే, మీరు ముందుగా అధికారులని ఆశ్రయించారనడానికి మా లాయర్లం చూపించేది ఆ కాగితమే.