ట్రైలర్‌ని ముందు చెవితో కట్ చెయ్యి

తమ్ముడూ,

మొదటి ట్రైలర్ నీ చేతికొచ్చిందని తెలిసింది. రెండున్నర గంటల సినిమాని టైమ్‌లైన్ మీద పరిచి బాగున్న షాట్లన్నీ ఏరుతూ కూర్చుంటే వారం గడిచిపోతుంది, చివరికి మాంటేజ్, అంటే కథ లేని షాట్ల దండ, తేలుతుంది. ముందు మాటలు ఏరు. సినిమా ఒకసారి ఆపకుండా చూడు. రెండోసారి, సీను తెలియనివాడికి కూడా అర్థమయ్యే డైలాగులన్నీ కోసి ఒక వరసలో పెట్టు. 40, 50 దొరుకుతాయి. వాటిలో చివరికి మిగలాల్సినవి 12 నుంచి 15. మానిటర్ ఆపేసి ఆ వరస ఒక్కటే విను. ఎవరికి ఏం కావాలి, అడ్డం ఎవరు అన్నది వింటేనే తెలిసిపోతోందంటే సగం పని అయినట్టే. వాటిలో పైలట్ ట్రాక్ (షూటింగులో గుర్తుకోసం పట్టిన కచ్చా ధ్వని) మీద ఉన్నవేవో అప్పుడే రాసిచ్చి డబ్బింగ్ చెప్పించుకో. లేకపోతే రిలీజ్ ముందురోజు రాత్రి ఒక్క లైను కోసం హీరోగారి వెంట పడాల్సొస్తుంది.

మాటలు అతికించడం ఎలాగో ఒకటి చూపిస్తాను. పాప "నాన్న ఎప్పుడొస్తాడు?" అని అడిగిందనుకో. సినిమాలో తల్లి దానికేదో జవాబు చెప్తుంది, అది మనకొద్దు. పాప మాట ముగియగానే జైలు గేటు ముందు నిలబడ్డ మనిషి వీపు వెయ్యి. గేటు కిర్రుమనడం మాత్రం 8 ఫ్రేముల ముందే, అంటే సెకనులో మూడోవంతు ముందు, పాప మొహం మీద ఉండగానే మొదలవ్వాలి. తరవాత 12 ఫ్రేములు, అంటే అర సెకను, మ్యూజిక్‌తో సహా అంతా ఆపెయ్. అప్పుడు గడియ పడ్డ చప్పుడు. తల్లి జవాబులో లేని బరువు అక్కడ వస్తుంది. అలాగని సినిమాలో లేని కథ పుట్టించకు. అన్నదమ్ముల్ని పగవాళ్లలా అతికిస్తే మార్నింగ్ షో ఇంటర్వెల్‌కే జనం పట్టేస్తారు.

నిడివి 2 నిమిషాల 10 సెకన్ల చుట్టూ ఉంచు. అమెరికా థియేటర్ల సంఘం 2014లో ట్రైలర్లు 2 నిమిషాలు దాటొద్దని మార్గదర్శకాలు పెట్టింది. మనవాళ్లకి అక్కడ మార్కెట్ ఉంది కాబట్టి కాస్త పొట్టి వెర్షన్ ఒకటి సిద్ధంగా ఉంచుకుంటే నష్టం లేదు. సమర్పణ, బ్యానర్, ఇంకో బ్యానర్ అని మూడు లోగోలు వరసగా పెడితే 15 సెకన్లు హారతి. తీసెయ్యమంటే నిర్మాతలు ఒప్పుకోరు. అందుకని మొదటి డైలాగు లోగో మీదే వినిపించు.

ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) ఇంకా రాలేదు కదా, ఏదో సినిమా నేపథ్య సంగీతం టెంప్‌గా, అంటే తాత్కాలికంగా, వేసుకుంటావు. అక్కడే పడిపోతాం. డైరెక్టర్ ఆ టెంప్‌కి పది రోజులు అలవాటు పడితే మ్యూజిక్ డైరెక్టర్ ఏం చేసినా "అదే బాగుంది" అంటాడు. మెట్రోనోమ్ (తాళం లెక్క చూపే యంత్రం) క్లిక్ పెట్టుకుని కట్ చెయ్. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) అయితే బీటుకి 12 ఫ్రేములు, 90 అయితే 16. ఆ అంకె మ్యూజిక్ వాళ్లకిస్తే వాళ్లకి కొలత దొరుకుతుంది, నీ కట్లు చెదరవు. ప్రతి బీటుకీ కట్ కొట్టావంటే మాత్రం కుట్టుమిషను చప్పుడే. నాలుగైదు బీట్లు వదిలి ఒక మొహం మీద ఆగు, తరవాత వేగం పెంచు. ఫైట్ షాటు 8 ఫ్రేములున్నా కంటికి ఆనుతుంది, కానీ ముందు షాటులో చూపు ఎక్కడుందో తరవాతి షాటులో విషయం కూడా అక్కడే ఉండాలి. కుడి చివర నుంచి ఎడమ చివరకి చూపు తిరిగేలోపే షాటు అయిపోతుంది.

ఎలివేషన్ షాట్లు మూడు స్లోమోషన్ నడకలుంటే రెండు పీకెయ్. కామెడీకి మాత్రం పిసినారితనం వద్దు: జోకు అయ్యాక 12 ఫ్రేములైనా ఎదుటివాడి మొహం ఉంచకపోతే నవ్వు పుట్టదు. చివరి 20 నిమిషాల సినిమా జోలికి పోకు. మరీ కావాలంటే అందులోంచి ఒక చూపు తీసుకో, సంఘటన తీసుకోకు. సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) అవ్వని షాట్లు వాడితే వాటి జాబితా కట్ లాక్ అయిన రోజే, అంటే ఇక మార్పులు లేవని ఖాయం చేసిన రోజే, వీఎఫ్ఎక్స్ వాళ్లకి పంపు, షాటుకి రెండువైపులా 12 ఫ్రేములు ఎక్కువ ఇచ్చి.

మిక్స్ థియేటర్‌కి 5.1 (చుట్టూ వినపడే ఆరు చానళ్ల ధ్వని), ఫోనుకి స్టీరియో వేరువేరుగా చేయించు. ఫోను స్పీకర్‌లో ఆ గుండె అదిరే బూమ్ వినపడదు. అక్కడ పై స్థాయిలో ఏదో లోహపు చప్పుడు కలపాలి. ఎంత గట్టిగా మిక్స్ చేసినా యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గరికి దించేస్తుంది కాబట్టి అరుపుల పోటీ దండగ. థియేటర్లో వేసేదానికి సెన్సార్ సర్టిఫికెట్ విడిగా కావాలని ప్రొడక్షన్ మేనేజర్‌కి గుర్తు చెయ్.

ఇక కార్డులు, అంటే తెర మీద పడే అక్షరాలు. మూడు నాలుగు మాటల కార్డుని నువ్వు మనసులో రెండుసార్లు చదువుకునేంతసేపు ఉంచు. ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ ఇంజిన్ సౌత్ ఏషియన్‌కి మార్చకపోతే తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడతాయి. పోస్టర్ల వాళ్లు పాత పద్ధతి అను ఫాంట్‌లో పంపింది అలాగే అతికిస్తే పిచ్చిరాతలొస్తాయి, మళ్లీ టైపు చేసుకో. కార్డులన్నీ తెలుగు బాగా చదివేవాళ్లెవరైనా ఒకసారి గట్టిగా చదవాలి. రిలీజ్ డేట్ కార్డు మీద తేదీకి వారం సరిపోయిందో లేదో క్యాలెండర్ తీసి మరీ చూడు.

నీ పెద్దన్న