బంగారం కుదువ పెట్టి పోస్ట్ బేసిక్ చేయాలా? లేబర్ రూమ్‌కు వేరే దారి ఉంది

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. వయసు 25. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి మూడేళ్లుగా హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తున్నాను. జీతం 17,500. ఇంటికి నెలకు 5 వేలు పంపుతాను. నాకు లేబర్ రూమ్‌లోనే పని చేయాలని ఉంది కానీ జనరల్ వార్డులో వేశారు. బీఎస్సీ ఉంటేనే లేబర్ రూమ్ ఇస్తామంటున్నారు. హైదరాబాద్‌లో పోస్ట్ బేసిక్ బీఎస్సీకి (జీఎన్ఎం చేసినవాళ్లు చదివే బీఎస్సీ నర్సింగ్) రెండేళ్ల ఫీజు 1.6 లక్షలు, హాస్టల్, తిండి కలిపి ఇంకో 1.4 లక్షలు అవుతుంది. చిట్టీ ఎత్తితే 1.2 లక్షలు వచ్చాయి. మిగతాది అమ్మ బంగారం కుదువ పెట్టి తెద్దామనుకుంటున్నాను. జర్మనీ పంపిస్తానని ఒక ఏజెంటు కూడా వెంటపడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మ బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. ముందు లెక్క చూద్దాం.

హాస్టల్ ఖర్చు ఇప్పుడూ ఉంది, చదువుకునేటప్పుడూ ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నా. ఫీజు 1.6 లక్షలు. మీరు రాయనిది ఒకటుంది: ఆ రెండేళ్లు మీకు జీతం రాదు. నెలకు 17,500 చొప్పున 4.2 లక్షలు. బంగారం మీద తెచ్చే 1.8 లక్షలకు రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 1,800, రెండేళ్లకు 43 వేలు. మొత్తం 6.2 లక్షలు దాటింది. ఈ రెండేళ్లూ ఇంటికి వెళ్లే 5 వేలు ఆగిపోతాయి, దాని సంగతి అమ్మతో మాట్లాడారా?

ఇంత పెట్టి వచ్చాక లేబర్ రూమ్ దొరుకుతుందా అంటే, ఆ హామీ ఎవరూ ఇవ్వరు. డ్యూటీ చార్టు రాసేది నర్సింగ్ సూపరింటెండెంట్. మీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒకసారి తీసి చూడండి. జీఎన్ఎం చేసినవాళ్లకు నర్సుగానే కాదు, మిడ్‌వైఫ్‌గా (కాన్పులు చేసే నర్సుగా) కూడా రిజిస్ట్రేషన్ ఉంటుంది. అర్హత మీకు ఇప్పటికే ఉంది, లేనిది కాన్పులు చేసిన అనుభవం. అది మీరున్న చోట దొరకడం కష్టం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వంద కాన్పుల్లో 60 పైగా సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. ప్రైవేటులో అయితే వందకు 81. ముహూర్తం పెట్టించుకుని మరీ ఆపరేషన్‌కు వచ్చే జిల్లాలు మనవి! ప్రైవేటులో లేబర్ రూమ్ డ్యూటీ అంటే సగం పని కేసును ఆపరేషన్ థియేటర్‌కు తయారు చేయడమే. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్టు) రాస్తూ, అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు చూస్తూ, మాయ పడేదాకా తల్లి పక్కనే నిలబడే పని నేర్చుకోవాలంటే సర్కారు దవాఖానాకే పోవాలి. వరంగల్ సీకేఎం, హన్మకొండ జీఎంహెచ్ ప్రసూతి ఆస్పత్రులు మీకు బస్సు దూరంలోనే ఉన్నాయి.

కాబట్టి నా సలహా స్టాఫ్ నర్సు పోస్టు. ఇప్పుడు దాన్ని నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు. దీనికి జీఎన్ఎం చాలు, బీఎస్సీ అక్కర్లేదు. మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా 2024 జనవరిలో దాదాపు 7 వేల మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. స్కేలు 36,750 నుంచి మొదలు, డీఏ, హెచ్ఆర్ఏ అదనం. మీ ఇప్పటి జీతానికి రెట్టింపు పైనే.

అసలు కిటుకు మార్కుల్లో ఉంది. ఆ నోటిఫికేషన్‌లో రాత పరీక్షకు 80 మార్కులు. మిగతా 20 ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు. ప్రతి ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. మీ మూడేళ్ల ప్రైవేటు సర్వీసుకు సున్నా. పోస్ట్ బేసిక్‌లో గడిపే రెండేళ్లకూ సున్నా. అదే రెండేళ్లు వరంగల్‌లో ఔట్‌సోర్సింగ్ నర్సుగా చేస్తే 8 మార్కులు, గిరిజన ప్రాంతమైన ఏటూరునాగారం వైపు వెళితే 10. ఒక్క మార్కులో వందల మంది ఉండే పరీక్షలో ఇది చిన్న సంగతి కాదు. జీతం వెయ్యో రెండు వేలో తగ్గినా వెళ్లండి. దరఖాస్తు పెట్టేటప్పుడే ప్రసూతి విభాగం అడగండి, గిరిజన ప్రాంత ఆస్పత్రుల్లో మనుషులు తక్కువ కాబట్టి అడిగినవాళ్లకు దొరికే అవకాశం ఎక్కువ. అక్కడ ఎస్‌బీఏ (స్కిల్డ్ బర్త్ అటెండెంట్) శిక్షణకు పేరు పెట్టించుకోవడం మరవద్దు. 21 రోజులు, అంతా కాన్పుల మీదే.

ఒక హెచ్చరిక. ఔట్‌సోర్సింగ్ పోస్టు ఇప్పిస్తానని లక్ష అడిగేవాళ్లు తగులుతారు. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. కలెక్టరేట్, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసు ప్రకటనలు చూసి మీరే పెట్టుకోండి.

రెగ్యులర్ ఉద్యోగం వచ్చాక మీరు కోరుకునే అసలు చదువు ఉంది: మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు, 18 నెలలు. మన రాష్ట్రంలో 2017లో కరీంనగర్‌లోనే మొదలైంది. దానికి ఎక్కువగా సర్వీసులో ఉన్న స్టాఫ్ నర్సులనే ఎంపిక చేసి పంపుతారు. బీఎస్సీ, ఆ తర్వాత ఎంఎస్సీ చేసి కాలేజీలో పాఠాలు చెప్పాలని ఉంటే మాత్రం నా లెక్క వేరు. మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు.

జర్మనీ సంగతి. అక్కడ కాన్పులు చేసేది వేరే వృత్తి, దానికి వేరే డిగ్రీ. ఇక్కడి నర్సును వాళ్లు నర్సుగానే గుర్తిస్తారు, ఎక్కువమంది పోయేది వార్డులకో వృద్ధాశ్రమాలకో. బ్రిటన్‌లోనూ మిడ్‌వైఫ్ రిజిస్టరు వేరు. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సులు లేబర్ రూమ్‌లో పని చేస్తారు, కానీ ఎన్‌క్లెక్స్ (అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష) పాసయ్యాక కూడా వీసాకు ఏళ్లు పడుతుంది. డబ్బు కోసమే అయితే వెళ్లొచ్చు. అప్పుడు ఏజెంటును వదిలేసి విదేశీ ఉద్యోగాలు చూపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి.

చిట్టీ పైసల్లో 75 వేలు బ్యాంకులో ఎఫ్‌డీ చేయండి, ఉద్యోగం మారే నెలల్లో ఇంటికి పంపడం ఆగకూడదు కదా. 25 వేలు పరీక్ష పుస్తకాలకు, ఆన్‌లైన్ టెస్టులకు. మిగతా 20 వేలు కొత్త ఊళ్లో రూమ్ అడ్వాన్సుకు, కిరాయికి. మళ్లీ చిట్టీ ఇప్పుడే వేయకండి. రెండు నోటిఫికేషన్ల దాకా చూడండి. అప్పటికీ రాకపోతే పోస్ట్ బేసిక్ ఎటూ పోదు, అప్పటికి లేబర్ రూమ్ అనుభవం కూడా చేతిలో ఉంటుంది.

ఉద్యోగం మానే ముందు జీతం స్లిప్పు చూసుకోండి. 21 వేల లోపు జీతం కాబట్టి పది మంది, అంతకు పైన ఉన్న ఆస్పత్రి ఈఎస్ఐ కట్టాలి, మీ వాటా నెలకు 130 రూపాయల చిల్లర. పీఎఫ్ కట్ అవుతుంటే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు రాసి పెట్టుకోండి, ఆ డబ్బు తీయకుండా కొత్త చోటికి బదిలీ చేయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంటే రాజీనామా మాట ఎత్తకముందే ఏదో దరఖాస్తుకు కావాలని చెప్పి ఇంటికి తెచ్చుకోండి.