కింది పళ్ళ సెట్టుకి రెండు ఇంప్లాంట్లు వేయించండి

"నాన్నగారికి డెబ్బై దాటాయి, పళ్ళన్నీ పోయాయి. కట్టుడు పళ్ళు చాలా, ఇంప్లాంట్లు పెట్టించాలా?" అని ఒకరు అడిగారు. మా అమ్మ పడ్డ బాధ చూశాక నా సమాధానం ఒక్కటే. పైన మామూలు సెట్టు చాలు, కింద మాత్రం రెండు ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే స్క్రూలు, వేయించండి.

పై సెట్టు అంగిలికి పట్టుకుని నిలుస్తుంది. కింద ఆ పట్టు దొరకదు, నాలుక కదిలినప్పుడల్లా లేచిపోతుంది. పైగా పళ్ళు తీసేశాక దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది. మొదట్లో సరిగ్గా కూర్చున్న సెట్టే కొన్నేళ్ళకి వదులైపోతుంది. సెట్టు చేసిచ్చిన రోజు ఈ మాట మాకెవరూ చెప్పలేదు.

తెనాలిలో మా పిన్ని కొడుకు పెళ్ళి. అమ్మ నా పక్కనే భోజనానికి కూర్చుంది. దోసావకాయలో గింజ ఒకటి సెట్టు కిందికి దూరి చిగురుకి గుచ్చుకుంది. ఎవరూ చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుని సెట్టు తీసి, టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెట్టుకుంది. చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తింది. అప్పటికే టేబుల్ మీది పేపరుని ఆకులతో సహా చుట్టి ఎత్తేశారు. వంటల షెడ్డు వెనక ఎంగిలాకుల గుట్టలో నేనూ, తమ్ముడూ అరగంట వెతికాం. చివరికి క్యాటరింగ్ కుర్రాడికి దొరికింది. శుభ్రంగా కడిగి తెచ్చి, ఎవరికీ కనపడకుండా అమ్మ చేతిలో పెట్టాడు. ఆ అబ్బాయిని ఇప్పటికీ తలుచుకుంటాం. అమ్మ మాత్రం కారెక్కాక, "నేనింక ఏ పెళ్ళికీ రానే" అంది. అన్నట్టే ఏడాది పాటు ఎక్కడికీ రాలేదు. ఇంట్లో కూడా మెత్తగా పిసికిన మజ్జిగన్నమే తినేది.

మొదట చూసిన డాక్టరు నోరంతా ఇంప్లాంట్లే అని లక్షల్లో లెక్క చెప్పారు. గుంటూరులో ఇంకొకరు స్కాన్ తీసి, కింద ముందు భాగంలో రెండు చాలన్నారు. టైటానియం స్క్రూలు ఎముకకి గట్టిగా అతుక్కోవడానికి మూడు నెలలు ఆగి, సెట్టు వాటి మీద బటన్‌లా నొక్కుకునేలా అమర్చారు. రాత్రి తీసి కడిగి నీళ్ళలో వేసుకోవాలి, లోపలి రింగులు అరిగినప్పుడు మార్పించుకోవాలి. అంతే. ఇదేదో కొత్త ప్రయోగమని భయపడకండి. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు 1965లోనే మనిషికి ఇంప్లాంట్లు పెట్టారు.

నాకు ఒళ్ళు మండేది ఒకటుంది. "ఈ వయసులో అంత ఖర్చెందుకు?" అని మా బంధువులే అన్నారు. అదే మోకాలి ఆపరేషనైతే ఎవరూ అలా అడగరు. మా హెల్త్ పాలసీ వాళ్ళు కూడా పళ్ళకి పైసా ఇవ్వలేదు. నమిలి తినలేని మనిషికి ఒంట్లో బలం ఎక్కడినుంచి వస్తుంది?

అమ్మ ఇప్పుడు జంతికలు తింటోంది. మొన్న మేనకోడలి పెళ్ళిలో గారెలు రెండోసారి అడిగి వేయించుకుంది.

వయసు గురించి టెన్షన్ పడకండి. షుగర్ అదుపులో ఉందో లేదో, నాన్నగారికి సిగరెట్ అలవాటుందో లేదో చూసుకోండి, వయసు కంటే అవే పెద్ద అడ్డంకులు. డాక్టరు దగ్గరికి వెళ్ళగానే, కింద ముందు వైపు ఎముక ఎంత మిగిలిందో, రెండింటితో సరిపోతుందో లేదో అడగండి. అడక్కపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోవచ్చు.