టేకు తలుపులకు తెల్లరంగు వేయబోయే అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి, బల్లార్షా నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. సిరొంచలో కొన్న ఆ పాత ఇంట్లో వంటగది కప్‌బోర్డులు, బాత్‌రూమ్ అలమర అన్నీ తెల్లగా చేసేయాలని నీ ఆలోచన. ముందే చెబుతున్నాను, వంటింటి తలుపులు టేకువి. పొయ్యి పక్క తలుపుకు పచ్చరంగు పెచ్చు లేచిన చోట చూడు, బంగారు గోధుమ రంగు చెక్క, మీద ముదురు గీతలు. 2023లో అయోధ్య రామాలయం తలుపుల కోసం టేకు మా ఊరి కలప డిపో నుంచే వెళ్ళింది. గడ్చిరోలి, చంద్రపూర్ అడవుల చెక్క అది. అలాంటి దాని మీద తెల్ల పెయింటు వేస్తే నేను మీ గృహప్రవేశానికి రాను. బాత్‌రూమ్ సంగతి వేరు, అక్కడ నీ తెల్లరంగుకు నా అభ్యంతరం ఏమీ లేదు.

ఈ వానల్లో మాత్రం పని మొదలుపెట్టకు. పాలిష్‌లోని థిన్నర్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. ప్రాణహిత ఒడ్డున శ్రావణంలో గాలి నిండా తేమే కాబట్టి అది ఆ చల్లదనం మీద చేరి, పాలిష్ పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. ఎండాకాలమూ కుదరదు. 45 డిగ్రీల వేడిలో కుంచె గీతలు సర్దుకోకముందే పూత ఆరిపోతుంది. పైగా కూలర్ లేకుండా మన వైపు ఎవరూ ఉండలేరు, కూలర్ అంటే గదిలోకి తేమ, దుమ్ము రెండూ వచ్చినట్టే. దసరా నుంచి శివరాత్రి దాకా మంచి కాలం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ పచ్చరంగు. ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మీ తలుపుల మీద ఉన్నది అంతకంటే చాలా పాతదని చూస్తేనే తెలుస్తోంది. అందులో సీసం ఉందనే అనుకుని పని చెయ్యి. బాబు ఇంకా పాకుతున్నాడు, నేల మీది దుమ్ము వాడి చేతికి, చేతి నుంచి నోటికి చేరుతుంది. కాబట్టి ఆ రంగును పొడిగా గీకవద్దు, సాండింగ్ మెషీను పెట్టవద్దు, వేడిగాలితో కాల్చవద్దు. తలుపులు ఊడదీసి పెరట్లో టార్పాలిన్ పరిచి, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, పెయింట్ రిమూవర్ రాసి, ఉబ్బిన రంగును రేకుతో తీసెయ్యి. మిగిలినదాన్ని వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్దు. తీసిన పెచ్చులన్నీ సంచిలో మూటకట్టు, ఎవరైనా పొయ్యిలో వేస్తామంటే ఇవ్వకు. ఆ నాలుగు రోజులు బాబును అమ్మమ్మ దగ్గర ఉంచు. ఇది బతిమాలి చెబుతున్నాను.

తలుపు ఊడదీసేటప్పుడు కబ్జా (తలుపు బందు) కూర్చునే గుంటలో ఉలి మొనతో ఒక అంకె గీయి. పెన్సిలుతో రాస్తే రిమూవర్‌కు చెరిగిపోతుంది. తలుపులన్నీ ఒకే కొలత అనిపిస్తాయి కానీ పాత ఇళ్ళలో వడ్రంగి ప్రతి తలుపునూ దాని చట్రానికి తగ్గట్టు చిత్రిక పట్టి బిగించి ఉంటాడు. ఒకదాని చోట మరొకటి పెడితే మూత పడదు.

ఇక జిడ్డు. చాలామంది ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. పొయ్యి పైనున్న తలుపు అడుగు అంచును వేలితో తాకి చూడు, అతుక్కుంటుంది. ఏళ్ళ తరబడి పోపుల నూనె ఆవిరి పేరుకుని గట్టిపడిన బంక అది. పిడి చుట్టూ కూడా అంతే. గరుకు కాగితంతో పోతుందిలే అనుకుంటే ఆ రాపిడికి నూనె చెక్కలోకి ఇంకుతుంది, తరువాత ఎంత ఖరీదైన పాలిష్ వేసినా అక్కడ పట్టదు. అందుకే రంగు తీయకముందే గిన్నెలు తోమే సబ్బు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, మెత్తని పీచుతో కడిగి, మంచినీళ్ళ గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టు. పీచు గోధుమరంగుకు తిరగడం ఆగేదాకా అదే పని. చాకలి సోడా జోలికి వెళ్ళకు, టేకు నల్లబడే ప్రమాదం ఉంది.

రంగంతా పోయాక, రుద్దడం 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 180, 220తో ముగించు. ఎప్పుడూ చెక్క గీతల వెంటే, అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ పడ్డాక బయటపడి వెక్కిరిస్తాయి. తలుపు మధ్య పలకల అంచు ఒకసారి పరీక్షగా చూడు. పొరలు పొరలుగా కనిపిస్తే అది ప్లైవుడ్ మీద అతికించిన టేకు పొర. మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాన్ని 180తో చేత్తో నెమ్మదిగా రుద్దాలి, పొర తెగిందంటే అతుకు వేసే మార్గం లేదు.

తలుపుల లోపలివైపు ఎర్రగా మెరుస్తోంది, స్పిరిట్ పాలిష్ అనుకుంటాను. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక మూల అద్ది చూడు. బంకగా కరిగితే అదే. మోదుగ, కుసుమ చెట్ల మీద పురుగు చేసే లక్కతో తయారయ్యే పాలిష్ అది. అందంలో దానికి సాటి లేదు, నాకు ఇప్పటికీ అదే ఇష్టం. కానీ వేడి గిన్నె తగిలినా, సబ్బు నీళ్ళు పడినా తెల్ల మచ్చ పడుతుంది కనుక వంటింటికి పనికిరాదు. దాన్ని స్పిరిట్‌తో తుడిచేసి, అన్నివైపులా నీటితో కలిపే మ్యాట్ పీయూ (పాలీయురేథేన్, మెరుపు లేని పారదర్శక పూత) వెయ్యి. మంచిర్యాల నుంచి తెప్పించుకోవచ్చు. రెండు డబ్బాలు కలిపే రకం ఇంకా గట్టిది కానీ, దాని హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మూతికి గుడ్డ కట్టుకుంటే ఆగదు. అది పాలిష్ మేస్త్రీల పని. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. కాబట్టి పూత వేయబోయే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే ఆలస్యం చేయకుండా మొదలుపెట్టు. పల్చగా మూడు పూతలు, మధ్యలో 320 కాగితంతో పైపైన రుద్దడం, అంతే.

ఎవరైనా అవిసె నూనె రాయమంటే రాయవచ్చు, తప్పు లేదు. కానీ ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విప్పి తీగ మీద ఆరెయ్యి.

బాత్‌రూమ్ అలమర అడుగు పలక ఉబ్బి ఉంది కదా, అది రంపపు పొట్టును అదిమి చేసిన బోర్డు. ఉబ్బాక దానికి వైద్యం లేదు. తీసేసి ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్ళను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేయించు. దుకాణదారు ఐఎస్ 303 (మామూలు వాడకపు ప్లైవుడ్) చూపించి రెండూ ఒకటే అంటాడు, కాదు. పైనున్న సన్‌మైకా తలుపులకు 220 కాగితంతో మెరుపు పోగొట్టి, నున్నటి వాటికి పట్టే ప్రైమర్ వేసి, ఆపైన నీ తెల్లరంగు వేసుకో. అక్కడ నీళ్ళు ఎదుటి నుంచి రావు. తలుపు అడుగు అంచు, పైపు దూరే రంధ్రం, కబ్జా మేకుల బెజ్జాలు, వాటి దారి అవే. ముందుభాగానికి రెండు పూతలు వేస్తే వీటికి మూడు వెయ్యి. కబ్జాలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొను.

ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ పూత పూర్తిగా గట్టిపడడానికి రెండు వారాలైనా ఇవ్వాలి. అందాకా తడిగుడ్డ పెట్టకు, అరల్లో పప్పుల డబ్బాలు సర్దకు, అడుగులు అచ్చు పడతాయి. మీ అత్తగారికి వంటింట్లో ఈ అసౌకర్యం ముందే చెప్పి ఉంచు. స్పిరిట్ అద్ది చూశాక ఏమైందో ఫోను చెయ్యి, అప్పటిదాకా ఏ డబ్బా కొనకు.

ఇట్లు,
మీ పెదనాన్న