రేడియో స్టేషన్ పాట మారిస్తే ఉద్యోగం ఎందుకు పోతుంది?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. అబ్బాయి బీఏ మాస్ కమ్యూనికేషన్ చివరి ఏడాది చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి వాడికి రేడియో పిచ్చి. కెనడా వెళ్లి రెండేళ్ల రేడియో బ్రాడ్‌కాస్టింగ్ డిప్లొమా చేస్తానంటున్నాడు. మా అమ్మాయి, అల్లుడు వాంకూవర్ పక్కన సర్రేలో ఉంటారు. అమ్మాయేమో "ఇక్కడ స్టేషన్లు రాత్రికి రాత్రి పాటలన్నీ మార్చేస్తాయి, మాట్లాడేవాళ్లు మాయమైపోతారు, వద్దు నాన్నా" అంటోంది. పాటలు మారితే ఉద్యోగాలెందుకు పోతాయో నాకు అర్థం కాలేదు. ఎకరం పొలం అమ్మి పంపుదామనుకున్నాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అయ్యా, ముందు ఆ పొలం కాగితాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. మీవాడి కోరిక తప్పని నేననడం లేదు. దానికి ఎంచుకున్న దారితోనే నాకు పేచీ.

మీ అమ్మాయి మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. వాళ్ల ఊరి పక్కనే, వాంకూవర్‌లో, 2022 జూన్ ఆఖర్లో కిస్ 104.9 అనే ఎఫ్ఎం స్టేషన్ పొద్దున్నే ఒక అమెరికన్ రాక్ బృందం పాట మొదలుపెట్టింది. అది అయిపోగానే మళ్లీ అదే పాట. దాదాపు 30 గంటలు ఆ ఒక్క పాటే వేసింది. అంతకు ముందే ఉదయం కార్యక్రమం నడిపేవాళ్లను తీసేశారు కాబట్టి, కడుపుమండిన ఉద్యోగి ఎవరో స్టూడియో తలుపు గడియపెట్టుకుని కసి తీర్చుకుంటున్నాడని ఊరంతా అనుకుంది. తీరా చూస్తే అది యాజమాన్యం వేసిన ఎత్తు. జనం చెవులు అటు తిరిగాక, సోనిక్ అన్న కొత్త పేరుతో స్టేషన్ మళ్లీ వచ్చింది. ఇలా హడావిడి చేయడాన్ని అక్కడి రేడియోవాళ్లు స్టంట్ అంటారు. పాటల రకం మొత్తాన్ని మార్చేయడం ఫ్లిప్.

మనకిది వింతగా అనిపించడానికి కారణం ఉంది. మన చెవులు ఆకాశవాణికి అలవాటుపడ్డవి. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. మా అమ్మ పొద్దున్నే భక్తిరంజని పెట్టుకుని పొయ్యి వెలిగించేది, నాకు పిల్లలు పుట్టాక కూడా అదే వేళకు అదే వినేది. రేడియో అంటే గుడి గంటలాగా టైముకు మోగేదని మనకో నమ్మకం. ప్రైవేటు రేడియో అలాంటిది కాదు. అది దుకాణం. బట్టలు ఆడకపోతే ఆ మడిగెలోనే చెప్పులు పెడతారు. మడిగె అదే, ఓనరూ ఆయనే, సేల్స్‌మన్ మాత్రం మారతాడు.

కెనడాలో ఆ మడిగె అద్దె ఎలా వస్తుందో చెబుతాను. స్టేషన్ మనకు పాటలు వినిపిస్తుంది, ప్రకటనదారులకు మనల్ని అమ్ముతుంది. ఎవరు ఎంతసేపు విన్నారో న్యూమరిస్ అనే సంస్థ లెక్కగడుతుంది. టొరంటో, మాంట్రియల్, వాంకూవర్, కాల్గరీ, ఎడ్మంటన్ లాంటి పెద్ద ఊళ్లలో ఎంపిక చేసిన ఇళ్లవాళ్లకు చిన్న మీటరు ఇస్తారు. స్టేషన్ ధ్వనిలో మన చెవికి ఆనని సంకేతం ఒకటి కలిసి ఉంటుంది. మీటరు దాన్ని పట్టుకుని, ఈ మనిషి ఇన్ని నిమిషాలు ఫలానా స్టేషన్ దగ్గర ఉన్నాడని రాసుకుంటుంది. ప్రకటనలిచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది 25 నుంచి 54 ఏళ్ల వయసువాళ్లను. మీ స్టేషన్ని 60 దాటినవాళ్లు ప్రాణంగా విన్నా ఆ ప్రేమకు రేటు తక్కువ. పైగా ఒకే ఊళ్లో ఒకే కంపెనీకి రెండు మూడు స్టేషన్లు ఉంటాయి. ఒకటి రాక్ వేస్తుంటే రెండోది అదే వేసి దాని కూడు తినకూడదు. అంటే నీ స్టేషన్ బాగానే నడుస్తున్నా, పక్క స్టేషన్ కోసం నిన్ను మార్చవచ్చు.

మరి ప్రభుత్వం అడగదా? అక్కడి నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ కొన్నింటిలో గట్టిగానే ఉంటుంది. ఇంగ్లిష్ పాటల స్టేషన్ వేసే పాపులర్ పాటల్లో 35 శాతం కెనడావాళ్లవి ఉండి తీరాలి. 1971లో 30 శాతంతో మొదలైన నియమం ఇది. కానీ మామూలు వాణిజ్య స్టేషన్ కంట్రీ అనే పల్లె బాణీ పాటల నుంచి రాక్‌కు, రాక్ నుంచి పాత పాటలకు మారాలంటే సీఆర్‌టీసీ అనుమతి అక్కర్లేదు. శుక్రవారం ఒకటి, సోమవారం ఇంకొకటి.

టొరంటోలోని 1050 ఏఎం (మీడియం వేవ్) స్టేషన్ కథ చూడండి. ఛమ్ అనే ఆ స్టేషన్ 1957లో టాప్ 40 పాటలు మొదలుపెట్టి ఒక తరం కుర్రకారును ఏలింది. దాని వారపు పాటల పట్టిక కోసం జనం రికార్డుల షాపులకు వెళ్లేవారు. 2001లో దాన్ని స్పోర్ట్స్ స్టేషన్ చేశారు. ఏడాది దాటిన కొద్ది నెలలకే, 2002లో, మళ్లీ పాత పాటలు. 2009లో వార్తల టీవీ ఛానెల్ ధ్వనినే అందులో పెట్టారు. 2011లో మళ్లీ స్పోర్ట్స్. అదే ఊళ్లో కిస్ 92.5 అనే స్టేషన్ని 2003లో తీసేసి జాక్ అని పేరు పెట్టారు, 2009లో జాక్‌ను తీసేసి మళ్లీ కిస్ అన్నారు. పారేసిన చొక్కానే ఆరేళ్ల తర్వాత ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టు. పేరు తిరిగొచ్చినంత సులువుగా మనుషులు తిరిగిరారు.

పాట మారితే ఉద్యోగం ఎందుకు పోతుందన్న మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. రాక్ వినేవాళ్లతో మాట్లాడే గొంతు, తీరు, జోకు వేరు. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే తల్లులతో మాట్లాడే తీరు వేరు. శ్రోతల్ని మార్చినప్పుడు పాత గొంతు ఉంటే కొత్తవాళ్లు రారని యాజమాన్యం భయం. దానికి తోడు ఖర్చు తగ్గించుకోవడానికి ఇదే మంచి సందు. ఒకరు ఒక ఊళ్లో కూర్చుని మాటలు ముందే రికార్డు చేసిపెడితే నాలుగు ఊళ్లలో వినిపించవచ్చు. దాన్ని వాయిస్ ట్రాకింగ్ అంటారు. నాలుగు కుర్చీలు ఉన్నచోట ఒకటి మిగులుతుంది.

అసలు కుర్చీలే ఎత్తేసిన సందర్భాలూ ఉన్నాయి. వాంకూవర్‌లో టీఎస్ఎన్ 1040 అని స్పోర్ట్స్ స్టేషన్ ఉండేది. 2021 ఫిబ్రవరి 9న, ఉదయం కార్యక్రమం నడుస్తూ ఉండగానే, బెల్ అనే టెలికాం కంపెనీ దాన్ని ఆపేసి హాస్య కార్యక్రమాల స్టేషన్‌గా మార్చింది. 2023 జూన్‌లో అదీ లేదు. దేశవ్యాప్తంగా 1,300 ఉద్యోగాలు తీసేస్తూ మూసేసిన ఆరు ఏఎం స్టేషన్లలో అదొకటి. 2024 ఫిబ్రవరిలో అదే కంపెనీ 4,800 ఉద్యోగాల కోతతో పాటు, తనకున్న 103 రేడియో స్టేషన్లలో 45 అమ్మేస్తున్నట్టు చెప్పింది. మీ అబ్బాయి డిప్లొమా పట్టుకుని వెళ్లి నిలబడబోయే వాకిలి ఇదన్నమాట.

అయితే ఆ 1040లో సాయంత్రం కార్యక్రమం చేసిన మాట్ సెకెరెస్, బ్లేక్ ప్రైస్ ఇంట్లో కూర్చోలేదు. కొద్దికాలానికే సొంతంగా పాడ్‌కాస్ట్ పెట్టుకున్నారు, వాళ్ల శ్రోతలు వెంట వచ్చారు. ఈ ముక్క మీవాడికి నేను చెప్పానని చెప్పండి. వాళ్లకు హాకీ తెలుసు, ఆ ఊరి జట్టు తెలుసు. ఆ విషయజ్ఞానం స్టేషన్‌ది కాదు, వాళ్లది. పాటల మధ్య "ఇప్పుడు వినబోయే పాట" అని చెప్పేవాడికి సొంతంగా మిగిలేది ఏముంది? పాట కంపెనీది, జాబితా కంపెనీది, చివరికి స్టేషన్ పేరు కూడా కంపెనీదే.

ఇక వీసా సంగతి. ఏజెంట్లు దీని దగ్గరకు రాగానే గొంతు తగ్గిస్తారు, కాబట్టి నేను గొంతు పెంచి చెబుతాను. 2024 నవంబరు 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసి కాలేజీ డిప్లొమా చదివేవాళ్లకు, చదువయ్యాక వర్క్ పర్మిట్ కావాలంటే ఆ కోర్సు ప్రభుత్వం ఇచ్చిన రంగాల జాబితాలో ఉండాలి. వైద్యసేవలు, సైన్సు టెక్నాలజీ, వ్యవసాయం, వడ్రంగం, ప్లంబింగ్ లాంటి చేతిపనులు, రవాణా, అలాంటివి. రేడియో బ్రాడ్‌కాస్టింగ్ ఆ జాబితాలో లేదు. అంటే రెండేళ్లు చదివి, ఫీజు కట్టి, పెట్టె సర్దుకుని గన్నవరంలో దిగడమే. యూనివర్సిటీ డిగ్రీ చేసేవాళ్లకు ఈ రంగాల నిబంధన వర్తించదు. టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో ఆర్‌టీఏ అనే మీడియా స్కూల్ ఉంది, మీడియా ప్రొడక్షన్‌లో నాలుగేళ్ల డిగ్రీ ఇస్తుంది. కానీ ఇక్కడ బీఏ అయిపోతున్నవాడు అక్కడ మళ్లీ మొదటి ఏడాదిలో కూర్చోవడం నాకు నచ్చలేదు. ఫీజు కాక, ఒక్క మనిషికి ఏడాది ఖర్చుల కింద చూపించాల్సిన డబ్బే 2025 సెప్టెంబరు నుంచి 22,895 కెనడా డాలర్లు. మన లెక్కలో 13, 14 లక్షలకు తక్కువ కాదు. అక్కా బావా అక్కడ ఉన్నారని ఈ నియమం సడలదు.

"అక్కడ మన భాషల రేడియోలు ఉన్నాయి కదా" అని మీవాడు అంటాడు. ఉన్నాయి. సర్రే వైపు రెడ్ ఎఫ్ఎం మీ అమ్మాయి కారులోనే మోగుతూ ఉండవచ్చు. ఎత్నిక్ లైసెన్సు, అంటే మనలాంటి వలస సమాజాల కోసమని ఇచ్చే లైసెన్సు, ఉన్న స్టేషన్ తన సమయంలో కనీసం 60 శాతం ఆ సమాజాల కార్యక్రమాలకే ఇవ్వాలి. మామూలు స్టేషన్‌లాగా తెల్లారేసరికి ఇంగ్లిష్ పాప్‌కు ఫ్లిప్ కావడం కుదరదు. ఆ మేరకు కాళ్ల కింద నేల గట్టిది. కానీ అక్కడ రోజంతా పంజాబీ, హిందీలదే రాజ్యం. తెలుగులో మాట్లాడి నెల జీతం తెచ్చుకోవడమన్నది, వారాంతపు సరదాగా అయితే సరే, బతుకుతెరువుగా నేను లెక్కలోకి తీసుకోను.

నేనైతే ఏం చేయమంటానంటే, వాణ్ని ఒక ఏడాది ఇక్కడే ఉంచండి. ఇంట్లో కాదు, పనిలో. ఆకాశవాణి కేంద్రాల్లో క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటనలు పడుతుంటాయి. గొంతు పరీక్ష ఉంటుంది, డ్యూటీ లెక్కన డబ్బులిస్తారు, పర్మినెంట్ కాదు. డబ్బు కోసం కాదు, మైకు ముందు తడబడకుండా నిలబడటం కోసం వెళ్లమంటున్నాను. మన దగ్గర ప్రైవేటు ఎఫ్ఎం కూడా ఇంకా విస్తరించే దశలోనే ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఛానెళ్ల వేలానికి ఒప్పుకుంది, వాటిలో మన రెండు రాష్ట్రాల ఊళ్లూ ఉన్నాయి. వేలం కాగితం మీది నుంచి యాంటెన్నా దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మనకు అలవాటే కాబట్టి, దాన్నే నమ్ముకుని కూర్చోమనను.

ఈలోగా సౌండ్ ఎడిటింగ్ చేతికి రావాలి. గంట ఇంటర్వ్యూను పన్నెండు నిమిషాలకు తెగ్గొట్టడం, గాలి హోరు తీసేయడం, రెండు గొంతుల మధ్య సరిగ్గా ఎక్కడ ఆగాలో తెలియడం. ఈ పని పాడ్‌కాస్ట్‌కూ, ఆడియో పుస్తకానికీ, సినిమా డబ్బింగ్ థియేటర్‌కూ పనికొస్తుంది. దానికి తోడు వాడికంటూ ఒక విషయం ఉండాలి. గుంటూరు కుర్రాడికి మిర్చి యార్డు ఉంది, పత్తి ఉంది, మీ పొలమే ఉంది. పొద్దున ఆరింటికి యార్డులో ధర ఎలా పలుకుతుందో, రైతు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో వారానికి మూడుసార్లు పదేసి నిమిషాలు తెలుగులో చెప్పగలిగితే, దాన్ని ఏ యాజమాన్యమూ ఫ్లిప్ చేయలేదు. నవ్వులాటకు అనడం లేదు. మొదటి ముప్పై ఎపిసోడ్లు మీరే విని మార్కులు వేయండి.

ఏడాది తర్వాత కూడా కెనడా మీదే మనసుంటే, అప్పుడు డిప్లొమా కాదు, మాస్టర్స్ వైపు చూద్దాం. మాస్టర్స్‌కు ఆ రంగాల జాబితా అడ్డు రాదు, చేతిలో చేసిన పనీ ఉంటుంది. ఏజెంటు మీ దగ్గర అడ్వాన్స్ ఏమైనా తీసుకున్నాడా? తీసుకుంటే, ఈ డిప్లొమాకు వర్క్ పర్మిట్ వస్తుందని కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టడు. ఆ కబురు అబ్బాయి ఎదురుగానే, ఫోను స్పీకర్‌లో పెట్టి అడగండి.