తెల్లవారుజామున మూడు గంటలకు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందనీ, వచ్చే నెల నుంచి ఒక్కదానివే గది తీసుకొని ఉండబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను. ఆ వెంటనే ఆమె ఇంకో మాట చెప్పింది. పరగడుపు షుగరు రోజూ 200 దాటుతోందని, రాత్రి ఇన్సులిన్‌ను నీ అంతట నువ్వే రెండేసి యూనిట్లు పెంచుకోవాలనుకుంటున్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వేళకు తినడం, సూది వేసే చోటు రోజూ మార్చడం, తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో గడ్డకట్టని చోట ఉంచడం నీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది నా పాత పొరపాటు ఒకదాని గురించి.

నాకు ఇన్సులిన్ మొదలైన రెండో ఏడు, విజయవాడలో ఉన్నప్పటి సంగతి ఇది. పాలలా తెల్లగా ఉండే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ రాత్రి ఎనిమిదింటికి 14 యూనిట్లు వేసుకొనేవాణ్ణి. ఉదయం 210 కనబడేసరికి, రాత్రి తిన్నదే తెల్లవారి బయటపడుతోందని నిశ్చయించుకొని, ఎవరినీ అడగకుండా 16కు, తర్వాత 18కి, ఆపైన 20కి పెంచాను. మూడు పుల్కాలను రెండు చేశాను. అయినా ఉదయానికి 240. కూరలో బంగాళాదుంప వేసిందని మీ అత్తయ్యను ఎన్ని మాటలన్నానో తలచుకుంటే ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది. అర్ధరాత్రి బనియను తడిసిపోయేది, పీడకలలు వచ్చేవి, లేచేసరికి తల దిమ్ముగా ఉండేది. మే నెల, పైగా కరెంటు కోత. చెమట పట్టక ఏమవుతుందని సరిపెట్టుకున్నాను.

ఒక రాత్రి మూడింటికి మంచినీళ్ళ కోసం లేచిన మీ అత్తయ్య పలకరిస్తే నేను పొంతన లేకుండా మాట్లాడానట. ఒళ్ళు చల్లబడి, చెమటతో ముద్దయి ఉందట. మింగగలిగే స్థితిలో ఉన్నాను కనుక పంచదార నీళ్ళు తాగించింది. కాస్త తేరుకున్నాక చూస్తే మీటరులో 46. ఆమెకు ఆ రాత్రి దాహం వేయకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఊహించలేను. నువ్వు ఒంటరిగా పడుకుంటావని వినగానే ముందుగా గుర్తుకు వచ్చింది ఆ రాత్రే, తల్లీ.

మర్నాడు డాక్టరుగారు విడమరచి చెప్పారు. ఆ రకం మందు వేసిన నాలుగు గంటల తర్వాత ఉధృతమై అర్ధరాత్రి షుగరును దించేస్తుందనీ, అలా పడిపోయినప్పుడు కాలేయం తన నిల్వలను వదలడం వల్ల కొందరిలో ఉదయం ఎక్కువగా కనబడవచ్చనీ అన్నారు. అయితే చాలామందిలో కారణం ఇది కాదట; తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను వంటివి పెరగడంతో షుగరు దానంతటదే పైకి లేస్తుందట. ఏది ఎవరి విషయమో మూడింటికి కొలిస్తే తప్ప తేలదు. నా డోసు తగ్గించి, పడుకొనే వేళకు మార్చారు. కొన్ని వారాలకు ఉదయపు అంకె 130 దరిదాపులకు వచ్చింది.

నీది ఇరవై నాలుగు గంటలూ ఇంచుమించు సమంగా పనిచేసే గ్లార్జిన్ అని విన్నాను. నా పాత మందులా అర్ధరాత్రి విజృంభించదు గాని, అవసరానికి మించితే అదీ నిద్రలో షుగరును పడగొడుతుంది. అందుచేత డోసును ముట్టుకొనే ముందు మూడు నాలుగు రాత్రులు పడుకోబోయేటప్పుడు, మూడింటికి, లేవగానే కొలిచి రాసుకో. పడుకొనేటప్పుడే ఎక్కువగా ఉంటే రాత్రి భోజనాన్ని, దానికి వేసుకొనే ఇన్సులిన్‌ను చూడాలి. మూడింటికి బాగుండి ఆరింటికి పెరిగితే అది వేకువ హార్మోన్ల పని. మూడింటికి 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ కొలుచుకొని, ఉదయమే డాక్టరుకు చెప్పాలి. ఎంత పెంచవచ్చో ఆయన లెక్క రాసి ఇస్తే ఆ ప్రకారం నువ్వే మార్చుకో, నీ తెలివి మీద నాకు అనుమానం లేదు. అంతవరకు ఒక్క యూనిట్ కూడా పెంచవద్దు.

పక్క గదిలోని వారికి నీ సంగతి చెప్పి ఉంచు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదనీ, 108కి ఫోను చేయాలనీ వారికి తెలియాలి. పెళ్ళి సంబంధాలకు అడ్డు వస్తుందని మీ అమ్మ దాచమంటుంది. ఆ ఒక్క మాట వినకు, ఆమెతో నేను మాట్లాడతాను.

గ్లూకోజు డబ్బా, మీటరు చేతికి అందేలా దిండు పక్కనే పెట్టుకో. ఈ ఆదివారం రాత్రి మూడింటికి అలారం పెట్టుకొని, వచ్చిన అంకె నాకు పంపించు. నేనూ అలారం పెట్టుకొని మేలుకొనే ఉంటాను.

మీ మామయ్య