వీడియో కాల్ ముందు పెట్టే ముద్ద

ఉత్తరం: మాది రాజోలు వైపు పల్లెటూరు, అత్తవారిది పాలకొల్లు. మావారి ఉద్యోగం వల్ల ఏడాది క్రితం జర్మనీ వచ్చి స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాం. మా బాబుకు 22 నెలలు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఏడాదికి 9, ఇప్పుడు 10.8. ఇంట్లో ముద్ద పెడితే ఉమ్మేస్తాడు. ఖాళీ కడుపుతో పడుకుంటాడేమోనని పాలసీసా ఇస్తాను. రోజుకు నాలుగు సీసాలు తాగుతాడు. కిటాలో (ఇక్కడి శిశుసంరక్షణ కేంద్రంలో) మాత్రం బాగానే తింటాడట. రోజూ సాయంత్రం ఆరింటికి అన్నం పెట్టేటప్పుడు అత్తగారు వీడియో కాల్‌లో ఉండి, "నా మనవణ్ణి ఎండగట్టేస్తున్నావు" అంటారు. ఒక్క ఏడాది తన దగ్గర వదిలితే బొద్దుగా చేసి పంపుతానంటున్నారు. మావారు మంచివారే కానీ అమ్మ మాట కాదనలేరు, టికెట్లు చూస్తున్నారు. బాబు బరువు పెరగాలంటే ఏం పెట్టాలి? పంపమంటారా, వద్దంటారా? అత్తగారు ఎవరి చేతనో నెయ్యి డబ్బా కూడా పంపుతానన్నారు.

అమ్మా,

మీ మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. మీ అబ్బాయికి బరువు పెంచే పొడులూ డబ్బాలూ అక్కర్లేదు. ఏడాది నిండేసరికి పుట్టిన బరువుకు సుమారు మూడింతలు కావాలంటారు, అయ్యాడు. రెండో ఏడు మొత్తం మీద పిల్లలు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే కనుక మొదటి ఏడు ఉన్న ఆకలి రెండో ఏడు కనిపించదు. అక్కడ పుట్టిన దగ్గర నుంచీ పిల్లల పరీక్షలు నమోదు చేసే పసుపుపచ్చ పుస్తకం మీ దగ్గర ఉండే ఉంటుంది. 21 నుంచి 24 నెలల మధ్య చేసే పరీక్షకు మీ వాడికి ఇదే సమయం. వైద్యులు ఆ పుస్తకంలో బరువు గీతల మీద చుక్క పెడతారు. ఆ చుక్క పాత చుక్కల దారినే నడుస్తున్నదా, కిందికి జారిందా అని అడిగి తెలుసుకోండి. పిల్లవాడు బొద్దుగా ఉండాలని ఆ పుస్తకం ఎక్కడా అడగదు.

పాల సంగతి మాత్రం మీ చేతిలో ఉంది. సీసాకు 200 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేసినా నాలుగు సీసాలంటే 800 అవుతుంది. అన్ని పాలు తాగిన ఆ చిన్న పొట్టలో పప్పన్నానికి చోటెక్కడిది? పైగా ఈ వయసులో పాలు ఎక్కువై అన్నం తగ్గిపోతే ఇనుము లోపించి రక్తహీనత వచ్చే ప్రమాదం ఉంది. సీసా మానిపించి, రోజుకు ఒకటి రెండు గ్లాసులు, అవి కూడా భోజనం అయ్యాక ఇవ్వండి. పిల్లవాడు పాలిపోయినట్టు కనిపిస్తే రక్తపరీక్ష గురించి వైద్యుణ్ణి అడగండి. ఆహారం గురించి నేను చెప్పగలిగింది ఇంతే.

ఇక మీరు ఒకే ఒక్క వాక్యంలో దాటేసిన సంగతికి వస్తాను. కిటాలో బాగానే తింటాడట. అక్కడ పొట్టి కుర్చీలో, తన ఈడు పిల్లల మధ్య కూర్చుని, ఉడికించిన బంగాళాదుంపనూ బఠాణీలనూ, మన నాలుకకు ఉప్పూ కారం చాలని ఆ తిండిని, తన చేత్తో తానే తినే పిల్లవాడు ఇంటికి వచ్చి నెయ్యి వేసిన పప్పన్నాన్ని ఉమ్మేస్తున్నాడంటే వాడికి తినడం రాకనా? కిటాలో వాడు తింటుంటే ఎవరూ వాడి నోటికేసి చూడరు. మీ ఇంట్లో గిన్నెతో మీరు, ఫోన్ పట్టుకుని తండ్రి, ఆ ఫోన్‌లో నాయనమ్మ, ముగ్గురు పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టి ఆ నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తున్నారు. ఆ స్థితిలో నన్ను కూర్చోబెట్టినా నాకు ముద్ద దిగదు.

మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు మీ భర్త ఎక్కడెక్కడ కనిపిస్తున్నారో పెన్సిలుతో గీత గీశాను. ఒక చోట ఆయన ఉద్యోగం ఉంది. ఒక చోట ఆయన మంచితనం ఉంది. ఒక చోట అమ్మ మాట కాదనలేకపోవడం, ఒక చోట టికెట్లు చూడటం ఉన్నాయి. మీరు అడ్డగీతతో కొట్టేసిన వాక్యం ఒకటి వెలుతురుకు పట్టి చూస్తే కనిపించింది, క్షమించండి: "ఆయన ఫోన్ పట్టుకుంటారు". కన్నబిడ్డకు ఆయన ఒక్క ముద్ద పెట్టినట్టు మాత్రం ఎక్కడా లేదు. మీ బాధంతా అత్తగారి మాటలని మీరు అనుకుంటున్నారు. నా దృష్టిలో అత్తగారు ఈ కథలో రెండో మనిషి. ఆవిడ మాట మీ వంటింట్లోకి రావడానికి ఆ ఫోన్‌ను రోజూ ఆరింటికి నిలబెట్టే చెయ్యి మీ భర్తది. ఆ మాట అక్కడ పడ్డాక, "అమ్మా, వాడు బాగానే ఉన్నాడు, నేను చూస్తున్నానుగా" అనే ఒక్క ముక్క ఆయన నోట రావడం లేదు. తల్లికి కొడుకు చెప్పవలసిన మాటను కోడలి మౌనం మీదకు తోసెయ్యడం మంచితనం ఎలా అవుతుందో నాకు ఇన్నేళ్ళ వయసులోనూ అర్థం కాలేదు. తల్లిని గౌరవించడం కొడుకు ధర్మం, కాదనను. అయితే ఆ గౌరవానికి రోజూ సాయంత్రం మీ ఆత్మగౌరవం ఖర్చు పెడుతున్నారు.

మగవాళ్ళకు పిల్లలకు అన్నం పెట్టే అలవాటు మన వైపు లేదని అంటారేమో. నేను పుట్టి పెరిగింది అంబాజీపేట పక్కనే. మా నాన్నగారు చేలోంచి వచ్చి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, సావిట్లో పీట మీద కూర్చునేవారు. ఆయన కంచం చుట్టూ మేము నలుగురం, పక్కింటి పిల్లలు ఇద్దరు చేరేవాళ్ళం. ముద్దపప్పూ ఆవకాయా కలిపి, ఆవకాయ ఎర్రదనం తక్కువగా ఉన్న వైపు నుంచి చిన్న చిన్న ముద్దలు చేసి మా నోళ్ళలో పెడుతూ, మధ్యమధ్య తను తినేవారు. ఎవరు ఎన్ని తిన్నారో ఆయన లెక్క పెట్టలేదు. తినని వాణ్ణి బతిమాలనూ లేదు, కంచం ఖాళీ అయిపోతుందన్న భయంతోనే మేము నోళ్ళు తెరిచేవాళ్ళం. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో ఉగ్గు పట్టిన నాయనమ్మ, చంకనెత్తుకుని కొబ్బరిచెట్ల కింద తిప్పిన మేనత్త, చందమామను చూపించిన అమ్మ, అందరివీ తలా ఒక చెయ్యి. ఆ ఇరవై చేతుల పనిని అక్కడ మీ రెండు చేతులతో చేస్తూ, ఆ ఇరవై మందికీ జవాబు కూడా మీరొక్కరే చెప్పుకుంటున్నారు.

మీ అత్తగారి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఆవిడను దుర్మార్గురాలిగా వదిలేసి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. మీకు సాయంత్రం ఆరయితే ఈ చలికాలంలో పాలకొల్లులో రాత్రి పదిన్నర. ఎనిమిదిన్నరకే దీపం ఆర్పేసే ఇళ్ళలో పెరిగిన ఆ మనిషి నిద్రను ఆపుకుంటూ పదిన్నర దాకా కూర్చుంటున్నది మిమ్మల్ని దెప్పడం కోసమే అయి ఉండదు. పది నెలల వాడిని ఎత్తుకుని విమానం ఎక్కారు మీరు. ఆవిడ చేతికి మిగిలింది ఆ ఫోన్ అద్దం ఒక్కటే, దానిలో కనిపించేది ఏడుస్తూ మొహం తిప్పుకునే మనవడు. కొడుకు ఆమెకు మనవడితో ఆడుకునే వేళ ఏదీ ఇవ్వలేదు, సరిగ్గా గొడవ జరిగే అరగంటను మాత్రం ఇచ్చాడు.

ఇక పంపడం సంగతి. వద్దు. ఈ ఒక్క విషయంలో నా దగ్గర అటూ ఇటూ తూచే జవాబు లేదు. మా వీధిలోనే ఇలా వదిలి వెళ్ళిన పిల్ల ఒకతె పద్దెనిమిది నెలలు అమ్మమ్మ దగ్గర పెరిగింది. తీసుకువెళ్ళడానికి తల్లి వచ్చిన రోజున ఆ పిల్ల అమ్మమ్మ కొంగు పట్టుకుని, "ఈ ఆంటీ ఎప్పుడు వెళ్ళిపోతుంది?" అని అడిగింది. ఆ తల్లి మా అరుగు మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు. పిల్ల బొద్దుగానే ఉంది లెండి. దత్తు ఇచ్చినట్టు పిల్లవాణ్ణి పంపేటంత కష్టం మీకు ఏమీ రాలేదు. ఉద్యోగం పోయిందా, మంచాన పడ్డారా? అన్నం తినడం లేదని పంపుతారా, అదీ కిటాలో అన్నం తింటున్న పిల్లవాణ్ణి? పైగా టికెట్లు చూస్తున్న మీవారు ఇంకో సంగతి చూశారో లేదో అడగండి. ఆ దేశం వదిలి ఆరు నెలలు దాటితే మామూలుగా నివాస అనుమతి రద్దవుతుంది. బ్లూ కార్డు (పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద ఉన్నవాళ్ళ కుటుంబాలకు ఆ గడువు ఏడాది. వదులుకున్న కిటా చోటు తిరిగి దొరకడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మీ తప్పు కూడా కొంచెం ఉంది. ఆ ఫోన్ ముందు మీరు పరీక్ష రాస్తున్న పిల్లలా కూర్చుంటున్నారు. వాడు ఒక ముద్ద మింగితే అత్తగారి దగ్గర ఒక మార్కు వచ్చినట్టూ, ఉమ్మేస్తే తప్పినట్టూ ఉంది మీ రాత. మీకు ఆ మార్కులు కావాలి కనుకనే నోరు తెరవని పిల్లవాడి మీద మీకు కోపం వస్తున్నది. ఆ కోపం వాడికి తెలుస్తుంది.

ఏం చెయ్యమంటారని మీరు అడిగినది నన్ను కనుక చెబుతున్నాను. ఈ ఉత్తరం మీవారి చేత చదివించండి. చదవనంటే మీరే గట్టిగా చదవండి. రేపటి నుంచి సాయంత్రం భోజనం వేళ ఫోన్ పక్కగదిలో ఉండాలి, ఆ మాట తల్లికి ఆయనే చెప్పాలి. "నీ కోడలు వద్దంటోంది" అని కాక, "నేను వద్దనుకున్నాను" అని చెప్పాలి. వారానికి కనీసం నాలుగు రాత్రులు పిల్లవాడి భోజనం ఆయనది. ఆయన కంచంలో ఆయన తింటూ, పక్కన పిల్లవాడి ముందు చిన్న పళ్ళెంలో మెత్తటి అన్నం, ముద్దపప్పు, ఉడికిన క్యారెట్ ముక్కలు పెట్టి వదిలెయ్యాలి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ ఇద్దరి పని. ఎంత తినాలన్నది వాడి పని. కొత్త రుచిని పది పదిహేను సార్లు చూస్తే గాని నోట పెట్టని పిల్లలు ఉంటారు, అందుకు కంగారు పడకండి. అన్నం నేల మీద పడుతుంది. తుడిచేదీ ఆయనే. ఉద్యోగం వల్ల కుదరదంటే, ఆ దేశంలో తండ్రి కూడా పిల్లవాడి కోసం సెలవు తీసుకోవచ్చు, పనిగంటలు తగ్గించుకోనూ వచ్చు. తన ఆఫీసులో అడిగి తెలుసుకోమనండి.

అత్తగారు ఎవరి చేతనో నెయ్యి డబ్బా పంపుతానన్నారని చివర్లో రాశారు. మన దేశం నుంచి పాల పదార్థాలు సామానులో తీసుకురావడాన్ని ఐరోపా దేశాలు అనుమతించవు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఉప్పులేని వెన్న కొని ఇంట్లోనే కాచుకోండి, కమ్మగానే ఉంటుంది. ఆ సంగతి కూడా కొడుకే చెప్పాలి.

శనివారం పొద్దున్న మీకు ఎనిమిదయితే మీ అత్తగారికి పన్నెండున్నర, ఆవిడ అన్నానికి కూర్చునే వేళ. ఆ పూట ఫోన్ చేసి పిల్లవాణ్ణి తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టండి. నాయనమ్మ కంచంలో ఏముందో మనవడు చూస్తాడు, ఆవిడ తింటూ చూపిస్తుంది. ఆ రోజు పనసపొట్టు కూర వండుకున్నారా, కందా బచ్చలి వండుకున్నారా అని కొడుకు చేతే అడిగించండి.